ఆమె అన్నది బుగ్గి

ఆ వీడియో తీసింది నేను.

టీవీలో ఎర్ర గీత కొట్టి, అడ్డంగా "అబద్ధం" అని ముద్ర వేసి చూపించిన వీడియోలో ముఖం ఆమెది, మాట ఆమెది. ఫోన్ పట్టుకున్న చెయ్యి నాది. ఈ సంగతి నన్నెవరూ అడగలేదు. ఇక అడగరు కూడా. అబద్ధమాడింది ఎవరో తేలిపోయాక ఫోన్ ఎవరిదైతే ఏం? అందుకే అడక్కపోయినా చెబుతున్నాను. కోపంగానే చెబుతున్నాను. ఆ కోపంలో పెద్ద వాటా నాదే. మిగిలింది పంచుకోవడానికి ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు.

మేముండేది ఫిషింగ్ హార్బర్‌కి నడిచిపోయేంత దూరంలో ఒక అపార్టుమెంటు. నేను మద్దిలపాలెంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. మా వాళ్లు చీపురుపల్లి వైపు రైతులు. ఉద్యోగం కోసం ఊరు వదిలి వచ్చినప్పుడు సముద్రం గాలి ఒంటికి మంచిదని ఎవరో అంటే ఇక్కడ ఫ్లాటు కొన్నాం. వచ్చిన కొత్తలో మా ఆవిడ తెల్ల దుప్పట్లు డాబా మీద ఆరేసింది. సాయంత్రానికి అవి ఇస్త్రీ బొగ్గుల మీద దొర్లించినట్టు అయ్యాయి. ఆ తర్వాత మా ఇంట్లో తెల్ల దుప్పటి కొనలేదు. ఉదయం బాల్కనీ తుడిచిన గుడ్డ బకెట్లో ముంచితే నీళ్లు నల్లగా అయిపోతాయి. ప్రతి ఇంట్లోనూ అంతే. కానీ మా అపార్టుమెంటులో ఆ మాట ఎవరూ పైకి అనరు. అంటే ఫ్లాటు కొనేవాడు రాడని సెక్రటరీ గారి భయం. మీటింగుల్లో ఎవరైనా కదిపితే "ఆ టాపిక్ వద్దండీ, గోడలకి చెవులుంటాయి" అంటాడు. గోడలకి చెవుల సంగతేమో గానీ నల్ల చారలు మాత్రం ఉన్నాయి. రెండేళ్లకోసారి వాటికి సున్నం కొట్టిస్తాడు.

మొన్న చలికాలం మొదట్లో ఎక్కడో ఆఫ్రికాలో, ఎప్పుడో చల్లారిపోయిందనుకున్న అగ్నిపర్వతం ఒకటి బద్దలైంది. దాని బూడిద మేఘం సముద్రం దాటి ఉత్తర భారతం మీదికి వచ్చింది. విమానాలు ఆగాయి. టీవీలో మ్యాపు మీద ఒక ఎర్ర బాణం పొద్దస్తమానం మన దేశం వైపు పరిగెత్తుతూనే ఉంది. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో అందరికీ హఠాత్తుగా నేను గుర్తొచ్చాను.

"సార్, ఆ బూడిద సంపులో పడితే నీళ్లు తాగొచ్చా?"

"పిల్లల ఊపిరితిత్తుల్లో ఎన్నేళ్లుంటుంది సార్? పెద్దయ్యాక ఏమైనా బయటపడుతుందా?"

"తులసాకులు కడిగి వాడుకోవచ్చా, మొక్కే మార్చెయ్యాలా?"

ఆ మేఘం చాలా ఎత్తున, మనకి చాలా ఉత్తరంగా పోతోందనీ, మన దాకా రాదనీ ముందు రాశాను. ఎవరూ పట్టించుకోలేదు. భయం లేదని చెప్పేవాడితో ఎవరికి పని? అప్పుడు అసలు అగ్నిపర్వతం బూడిద అంటే ఏమిటో రాశాను. పొయ్యిలో బూడిదలా మెత్తనిది కాదు, కంటికి ఆనని గాజు పెంకుల్లాంటిది, పీలిస్తే లోపల చేరి కూర్చుంటుంది అని. క్షణాల్లో నమస్కారాలు, చప్పట్లు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను, నా ఫిజిక్సుకి అన్ని నమస్కారాలు ఎప్పుడూ రాలేదు.

మా ఆవిడకి ఈ ఇంటికి వచ్చాకే ఆయాసం పట్టుకుంది. మంచం పక్కనే ఇన్‌హేలర్ ఉంటుంది. నేను ఫోన్లో ముసిముసిగా నవ్వుకోవడం చూసి అడిగింది.

"ఏటండీ అంత నవ్వు?"

చదివి వినిపించాను. విని, "ఆ పర్వతం మొన్న పేలింది. నా ఆయాసానికి ఏ పర్వతం పేలిందో అదీ రాయండి మరి గ్రూపులో" అంది.

రాయలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే రొయ్యల కోసం హార్బర్‌కి వెళ్లాను. వేలంపాట అరుపులు దాటుకుని, ఎండు చేపలు ఆరబెట్టే చోటికి వెళ్లి నిలబడ్డాను. అక్కడ ఆమె ఉంటుంది. మా వీధికి గంప నెత్తిన పెట్టుకుని ఎండు చేపలు తెచ్చేది ఆమే. నేను అప్పా అంటాను. మా వైపు అప్ప అంటే అక్క. ఆమె నన్ను తమ్ముడా అంటుంది. కులం వేరు, ఊరు వేరు, అయినా ఆ పిలుపు ఎప్పటి నుంచో అలాగే ఉండిపోయింది.

ఆ రోజు ఆమె మంచి హుషారుగా ఉంది. టార్పాలిన్ మీద పరిచిన నెత్తళ్లని చేత్తో తిరగేస్తూ, "శుక్రోరం పెద్దాఫీసరొత్తాడంట తమ్ముడా" అంది. "ఎన్నాల్నించి తిరుగుతన్నాం. ఇప్పటికొత్తానన్నాడు. మావోళ్లందరూ నన్నే మాటాడమన్నారు. నీకే నోరుందే, నువ్వే మాటాడు అన్నారు."

"ఏం అడుగుతావు?"

"ఏటడుగుతాను? మేడలడుగుతానా? ఆ గుట్టల మీద పట్టా కప్పండి, మజ్జిన ఒక అడ్డు కట్టండి, అంతే కదేటి."

అని ఒక చేపని తీసి అరచేతి మీద తట్టింది. అరచేతిలో నల్లగా రాలింది. నేను ఫోన్ తీశాను. ఎందుకు తీశానో కూడా గుర్తులేదు. చేతిలో ఫోన్ ఉన్నవాడు చేసే పనే చేశాను. ఆమె ఫోన్ వైపు చూసి, ఆఫీసరు ముందు మాట్లాడబోయేదానికి రిహార్సలు లాగా గొంతు పెంచింది.

"సూడండి బాబూ, సూడండి. నిన్న కడిగి ఆరెట్టినాను. తెల్లారేసరికి ఎలాగయిపోనాయో సూడండి. ఆ గుట్ట మీంచొత్తంది ఈ బుగ్గంతా. ఇలాగ బుగ్గి పడతంటే మేం బతికేదెలాగ? ఈ సేపలు తిన్నోలు బతికేదెలాగ?"

గుట్ట అన్నప్పుడు చెయ్యెత్తి చూపించింది. నేను ఫోన్ ఆ వైపు తిప్పలేదు. చేపల మీదే ఉంచాను. అటున్న పోర్టు యార్డు వైపు ఫోటో తీస్తే గేటు దగ్గర వాచ్‌మన్ ఫోన్ లాక్కుంటాడని ఎవరో చెప్పగా విన్నాను. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. మణికట్టు ఇంత తిప్పితే సరిపోయేది. తిప్పలేదు.

ఇక్కడ మాటల గురించి కొంచెం చెప్పాలి. మా ఉత్తరాంధ్రలో బుగ్గి అంటే దుమ్ము. బండి పోతే లేచేది బుగ్గి. ఇల్లు ఊడిస్తే వచ్చేది బుగ్గి. చిన్నప్పుడు ఆడుకొచ్చి గడప తొక్కితే మా అమ్మ "కాళ్ల నిండా బుగ్గే, కడుక్కునిరా" అనేది. మిగతా తెలుగువాళ్లకి బుగ్గి అంటే కాలిపోయాక మిగిలే బూడిద. ఇక గుట్ట. హార్బర్‌లో ఆ మాటకి ఒకటే అర్థం, యార్డులో పోసిన బొగ్గు గుట్ట. బయటివాళ్లకి గుట్ట అంటే కొండ. ఆమె చెప్పింది బొగ్గు కుప్పల మీంచి దుమ్ము వస్తోందని. టీవీలో ఎర్ర బాణం చూస్తూ కూర్చున్నవాళ్లకి వినబడింది కొండ మీంచి బూడిద వస్తోందని. ఈ రెండు మాటల అర్థాలూ తెలిసినవాణ్ని నేను. అక్కడి బిడ్డని, ఇక్కడ సైన్సు మాస్టర్ని. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఇంటికి వచ్చి గ్రూపులో పెట్టాను. "ఈ ఉదయం హార్బర్‌లో" అని రాశాను. అంతకు మించి ఒక్క ముక్క రాయలేదు.

"అయ్య బాబోయ్, వచ్చేసింది!"

"గాలి పడమటి నుంచే కదా వీస్తోంది. ఆఫ్రికా అటే కదా!"

"ఏ గుట్ట? కొంపదీసి సింహాచలం కొండ కూడా పేలిందా ఏంటి?"

"సార్ ముందే చెప్పారు. మనమే వినలేదు."

నేను ముందే చెప్పింది రాదని. అది ఎవరికీ గుర్తు లేదు. "ఇది బూడిద కాదు, బొగ్గు దుమ్ము" అని టైపు చేశాను. పంపే ముందు ఆగాను. చెరిపేశాను. బూడిద అనుకునైనా సరే కొంచెం భయపడనీ, ఆ భయంలో రోజూ తుడుచుకుంటున్న నల్లదుమ్ము కంటబడుతుందేమో అనుకున్నాను. ఈ కారణం గొప్పగా ఉంది కనుక చాలా రోజులు నాకు నేను అదే చెప్పుకున్నాను. అసలు కారణం ఆ నమస్కారాలు. "సార్ ముందే చెప్పారు" అన్న ఆ ఒక్క మాట.

సాయంత్రానికి ఆ వీడియో గుండెలదిరే సంగీతంతో నాకే తిరిగి వచ్చింది. "విశాఖ మీద పడిన అగ్నిపర్వత బూడిద! ఎండు చేపలు తినకండి!" ఎవరు సంగీతం కట్టారో తెలియదు. సెక్రటరీ గారు సంపు కడిగించారు. మాస్కులు అలమార్ల లోంచి బయటికి వచ్చాయి. హార్బర్‌లో ఎండు చేపలు కొనేవాడు లేకుండా పోయాడు.

తర్వాత టీవీ వాళ్లు నిజం తేల్చారు. ఎవరో నిపుణుణ్ని కూర్చోబెట్టారు. విశాఖలో అగ్నిపర్వత బూడిద పడలేదు, పడే అవకాశమే లేదు అన్నాడాయన. అది నిజం. అక్షరాలా నిజం. ఆ తర్వాత యాంకరు తెర మీద ఆమె ముఖాన్ని ఆపి, "కాబట్టి ఈ మహిళ చెబుతున్నది పచ్చి అబద్ధం" అన్నాడు. ఎర్ర గీత పడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చేపల మీద నల్లగా ఏదో ఉంది కదరా! నువ్వే చూపిస్తున్నావు కదా, దగ్గరగా, పెద్దది చేసి మరీ! బూడిద కాకపోతే మరి ఏమిటది? ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఆ స్టూడియోలో మనిషే లేడు. బూడిద కాదు కనుక ఏమీ కాదని తేల్చేసి ప్రకటనల్లోకి వెళ్లిపోయారు. టీవీ ముందు కూర్చుని ఇంత అరిచినవాణ్ని, ఆ సమాధానం నా దగ్గరే ఉంది కదా అని ఫోన్ అందుకోలేదు.

గ్రూపులో "హమ్మయ్య" అన్నారు. "ఇలాంటి పుకార్లు పుట్టించేవాళ్లని లోపలెయ్యాలి" అని ఒకాయన రాశాడు. సార్ ముందే చెప్పారు అన్నది కూడా ఆయనే. మర్నాడు ఉదయం సెక్రటరీ గారి భార్య కారిడార్లో రెయిలింగు తుడుస్తూ కనబడింది. గుడ్డ పిండింది. బకెట్లో నీళ్లు నల్లబడ్డాయి. నన్ను చూసి నవ్వి, "మామూలు దుమ్మేనండీ. బూడిద కాదట. మా వారు చెప్పారు" అంది.

పిల్లల ఊపిరితిత్తుల్లో ఎన్నేళ్లుంటుందని అడిగిన ఇల్లు అదే.

ఆ వారంలో ఒకసారి హార్బర్‌కి వెళ్లాను. ఆమె గంపతో వస్తూంటే వేలం పాడే మనిషి దారికి అడ్డంగా చేతులు చాపి అరిచాడు.

"తప్పుకోండోయ్, అగ్గిగుట్ట ఒచ్చింది! మీద పడితే బుగ్గయిపోతారు!"

మగాళ్లు నవ్వారు. ఆడవాళ్లు నవ్వలేదు. పక్కన చేపలు కోస్తున్న ఒకామె కత్తిపీట మీంచి లేచింది.

"ఓలమ్మ, నీకు నోరుందని మాటాడమన్నాం గానీ మా నోట్లో బుగ్గి కొట్టమన్నామా? ఒక్కడు కొన్నాడేటి ఈ వారమంతా?"

"నానేటన్నానే? రోజూ అన్నదే అన్నాను. అగ్గిపర్వతం అని నానన్నేదు. ఆ మాటే నాకు తెల్దు."

"మరి టీవోడికెవులు సెప్పినారు, మా తాతా?"

ఆమె చుట్టూ చూసింది. నేను కనబడ్డాను. "అదుగో, తమ్ముడున్నాడు. ఆడి ఫోన్లోనే అన్నాను. తమ్ముడా, నువ్వు సెప్పు ఈళ్లకి."

అందరూ నా వైపు తిరిగారు. నేను నవ్వు లాంటిది ఒకటి నవ్వి, "పోనీలే అప్పా, రెండ్రోజులు పోతే అందరూ మర్చిపోతారు" అన్నాను. అని రొయ్యలు కూడా కొనకుండా వచ్చేశాను.

శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టి వెళ్లాను. ఈసారైనా మాట్లాడాలనే వెళ్లాను. ఐసు ఫ్యాక్టరీ నీడలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆఫీసరు మర్యాదస్తుడే. పుస్తకాల తెలుగు మాట్లాడాడు. మాట్లాడే పని ఇంకొకామెకి ఇచ్చేశారని అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఆ ఇంకొకామె లేచి నిలబడి చెమటలు తుడుచుకుంటూ రెండు ముక్కలు చెప్పి ఆగిపోయింది. వెనక నుంచి అప్ప ఆగలేక లేచింది.

ఆఫీసరు తల పక్కకి వంచి చూశాడు. "మీరు ఆ వీడియోలో ఉన్న అమ్మ కదూ? అగ్నిపర్వతం బూడిద పడుతోందని చెప్పారు."

"నాను బుగ్గి అన్నాను బాబూ."

"బుగ్గి అంటే బూడిదే కదమ్మా. కాలి బుగ్గి అయింది అంటాం."

"మాకాడ ఇది బుగ్గి" అని వంగి టార్పాలిన్ మీద చెయ్యి రాసి అరచెయ్యి చూపించింది.

ఆయన ఆ చెయ్యి చూశాడు. చూడలేదని నేననను. చూసి, "కొండ మీద నుంచి అని కూడా అన్నారు" అన్నాడు.

"గుట్ట! ఆ గుట్ట!"

పక్కనున్న వాళ్లు ముసిముసిగా నవ్వారు. వేలం పాడే మనిషి నా డొక్కలో మోచేత్తో పొడిచాడు. "సెప్పు బావా. నువ్వు సదూకున్నోడివి. నీ మాటయితే ఇంటాడు."

లేచాను. ఆ వీడియో నేను తీశాను సార్, ఆమె చూపించిన వైపు నేను తిప్పలేదు, రండి నడుద్దాం చూపిస్తాను. ఈ మాటలు దారంతా మనసులో అనుకుంటూ వచ్చాను. నోరు తెరిస్తే వచ్చింది వేరు.

"ఇక్కడి మాండలికం వల్ల చిన్న అపార్థం జరిగింది సార్."

ఆఫీసరు ముఖం వికసించింది. "అదే నేనూ అనేది. అపార్థం" అన్నాడు. పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి, "అపార్థం వల్ల వచ్చిన ఫిర్యాదు అని రాసుకోండి" అన్నాడు. తర్వాత టీ తాగారు. అందరికీ నమస్కారం పెట్టి జీపెక్కారు. గుట్టల వైపు వెళ్లనే లేదు. అపార్థం చూడడానికి అంత దూరం ఎందుకు?

ఆడవాళ్లు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ఆమె నా దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. నిజంగా అర్థంకాక అడిగింది.

"ఏటి తమ్ముడా అలాగన్నావు? కళ్లెదర నల్లగా కనబడతంటే అపార్తమేటి?"

ఆ బూడిద వల్ల ఎన్నేళ్లు ఏం జరుగుతుందోనని ఊరంతా బెంగపెట్టుకుంది. ఆ మేఘం ఇటు రాలేదు. రానిదాని పేరు మీద జరగాల్సింది మాత్రం జరిగింది. ఇప్పుడు ఎవరైనా నల్ల దుమ్ము అని నోరు తెరిస్తే, "అది అప్పుడే అబద్ధమని తేలింది కదా" అంటున్నారు. మా స్టాఫ్ రూంలోనే అన్నారు. మా సెక్రటరీ గారికైతే చెప్పలేనంత సుఖంగా ఉంది. ఈమధ్య ఎవరో ఫ్లాటు చూడడానికి వచ్చి గోడ మీద చారలు చూసి అడిగితే, "అవన్నీ వాట్సాప్ పుకార్లండీ" అన్నాడు. చారని చూపించే అన్నాడు. నేను లిఫ్టు దగ్గర నిలబడి విన్నాను.

ఆమె మొన్న మళ్లీ మా వీధికి వచ్చింది. చాలా రోజులకి. మా ఆవిడ తలుపు తీసి, గంపలో చెయ్యి పెట్టి చూసి, "బుగ్గి ఎక్కువుంది కదా అప్పా ఈసారి" అంది.

"బుగ్గి అనకమ్మా. డస్టు అను."

"ఏటి?"

"డస్టు. బుగ్గంటే అబద్దమంట. డస్టయితే పరవానేదంట. మా పిల్లగుంటలకి కూడా అదే సెప్పినాను. డస్టంటే ఎవులూ నవ్వరు. ఎవులికీ బయ్యమూ నేదు."

మా ఆవిడ నా వైపు చూసింది. ఇన్‌హేలర్ చేతిలోనే ఉంది.

నేను గుమ్మంలోకి వచ్చి, జరిగిందంతా రాస్తున్నాననీ, వీడియో నాదేనని కూడా రాస్తాననీ చెప్పాను. ఆమె నెత్తళ్లు తూచడం ఆపలేదు.

"రాసీ. నా పేరెట్టకు."

"పెట్టను."

"నీ పేరూ ఎట్టకు. ఎడితే నిన్ను అగ్గిగుట్ట మాస్టరంటారు. పిల్లలు పాటమినరు" అని తనే నవ్వింది. అంతలోనే ఆ నవ్వు పోయింది. గంప ఎత్తుకోవడానికి మా ఆవిడ చెయ్యి వేసింది. తలమీద కుదురు సర్దుకుంటూ అంది.

"మరేటీ రాయక్కరనేదు. గుట్ట ఎటేపుందో రాయి. ఆ పొద్దు నాను సెయ్యెత్తి సూపించినాను. నువ్వు తిప్పలేదు."

ఆమె గమనించిందని నాకు అప్పటిదాకా తెలియదు.

రాస్తున్నాను. ఫిషింగ్ హార్బర్‌లో ఎండు చేపలు ఆరబెట్టే చోట సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. ఎదురుగా, కొంచెం ఎడమ చేతి వైపు చూడండి. ఆఫ్రికా దాకా పోనక్కరలేదు. పడవల కొయ్యల పైనుంచే కనబడతాయి, నల్లగా, వరసగా. తెల్లవారుజామున గాలి అటు నుంచే సముద్రం మీదికి వస్తుంది. దారిలో ముందు తగిలేది ఆమె టార్పాలిన్.